ముందటి చెప్పులు

ముప్పై ఒక్క జతలు. ఇప్పటికి నాలుగుసార్లు లెక్కపెట్టాను, నాలుగుసార్లూ అంతే వచ్చింది, అయినా ఇంకోసారి పెడతాను, ఊరికే నిలబడడం నాకు చేతకాదు. అన్నీ చెప్పులే కావు, మధ్యలో ఒకచోట ఇటుక ఉంది, దాని కింద పాసుబుక్కు జిరాక్సు, ఇంకోచోట సగం నీళ్లున్న సీసా, ఒక దగ్గర మడిచిన తువ్వాల మీద రాయి, కానీ ఈ లైనులో అన్నింటినీ జతలనే అంటారు. సొసైటీ గోదాము షట్టరు దగ్గర మొదలై, గోడ వెంట వంకర తిరిగి, బోరింగు దాకా వచ్చాయి. వాటి మనుషులు చాలామంది గోడ నీడన కూర్చుని బీడీలు కాల్చుకుంటూ, ఫోన్లు చూసుకుంటూ ఉన్నారు, చెప్పులు మాత్రం ఎండలో ఉన్నాయి. నా ముందున్నవి హనుమండ్లువి, ఎడమదాని పట్టీ తెగితే ఇనుప తీగతో బిగించుకున్నాడు. వాటి వెనక నీలం రబ్బరు చెప్పులు మా చిన్నవ్వ కొమురవ్వవి, మా బాపు తమ్ముడి భార్య, ఆమె తెల్లవారుజామున వచ్చి పెట్టుకుంది. వాటి పక్కన నేను, కరీంనగర్ నుంచి మొదటి బస్సుకు వచ్చి ఎనిమిదింటి నుంచి కాపలా కాస్తున్నాను. లారీ మూడు వందల యూరియా బస్తాలు తెచ్చింది, మనిషికి రెండు, అంటే నూటయాభై మందికి. పొద్దున్నే చిన్నవ్వ లైను ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచి లెక్క చూసుకుంది. తనది నూటయాభయ్యోది. "మనదే ఆఖరు, అయినా దొరుకుతయి" అంది, పరీక్ష పాసైన పిల్లలా.

ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పడుతోంది. లోపల బల్ల మీద మిషను ఉంది, దాని మీద వేలిముద్ర పడాలి, కలుపు తీసీ నారు పీకీ అరిగిపోయిన వేళ్లను అది ఒకపట్టాన ఒప్పుకోదు. ముప్పై ఒకటిని రెండుతో గుణిస్తే గంటా రెండు నిమిషాలు. ఇదే నా బతుకు, నిమిషాలు గుణించడం. పదేళ్లయింది ఈ పని పట్టుకుని, నాలుగేళ్లు హైదరాబాదులో ఒకరి కింద, ఆరేళ్లుగా కరీంనగర్ మంకమ్మతోటలో మా ఇంటి వెనకగదిలో నాకు నేనే యజమానిని, నాకు నేనే కూలిని. నేను చేసిన యాప్ పేరు 'ఒకటే'. పొద్దున లేచి మీ పనులన్నీ అందులో రాసుకుంటే, అది ఒక్కో పనినే చూపిస్తుంది, అది అయ్యేదాకా రెండోది చూపించదు, అంతే. ఆ అంతే కోసం ఆరేళ్లు పట్టింది. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి మా ఆయన ప్రణయ్ చాయ్ పెట్టుకుంటూ "ఇయ్యాల ఏం జేసినవ్" అని అడుగుతాడు. "ఒక బటన్ జరిపిన" అంటాను. "ఎటు?" "ఎడమకు." "మొన్న కుడికి జరిపినవ్ గద?" అతను నవ్వడు, నేనూ నవ్వను, నిజంగానే మొన్న కుడికి జరిపాను, కుడివైపు ఉంటే బొటనవేలు పొరపాటున తగులుతోందని ఫిన్లాండు నుంచి ఒకావిడ రాసింది. ఆమె బొటనవేలి గురించి నేను రెండు రోజులు ఆలోచించాను. కొమురవ్వ బొటనవేలి గురించి ఎన్నడూ ఆలోచించలేదు.

లైను కదిలింది. ముప్పై.

ఉత్తరాలు వస్తుంటాయి నాకు, ఎక్కడెక్కడి నుంచో. మీ యాప్ వల్ల నా రోజులో ఒక గంట మిగిలింది అని. మొదట్లో అవి చదివి గది తలుపు తీసి పెరట్లోకి వెళ్లి కాసేపు నిలబడేదాన్ని, అంత సంతోషం. తరవాత్తరవాత ఒక ప్రశ్న పట్టుకుంది, ఆ మిగిలిన గంటను వీళ్లు ఏం చేస్తున్నారు అని. ఎవరూ రాయలేదు. ఒకాయన మాత్రం ఆ గంటలో ఇంకో మూడు పనులు చేర్చుకున్నానని రాశాడు. అందరికీ బాగా నచ్చింది వేరే ఏర్పాటు, ఒక పనిని మూడుసార్లు వాయిదా వేస్తే అది దానంతట అదే మాయమైపోతుంది. చప్పుడు చేయదు, గుర్తు చేయదు, నువ్వు చెయ్యలేదని ఎత్తిపొడవదు. ఎంత దయగల యాప్ అని రాశారు. నేనూ నమ్మాను అది దయేనని. స్పందన లేనిదాన్ని పక్కన పెట్టి ముందుకు పోవడం, దాన్ని మించిన తెలివి లేదనుకున్నాను, ఆ తెలివి నాదే కదా అని కొంచెం పొగరు కూడా ఉండేది. ఉండేదేమిటి, మొన్నమొన్నటి దాకా ఉంది.

సొసైటీ సెక్రటరీ లింగమూర్తి సార్ నెల కింద ఫోన్ చేశాడు. మా బాపుతో చదువుకున్నవాడు, నన్ను ఎత్తుకుని తిరిగినవాడు. "బిడ్డా, నువ్వు ఫోన్లల్ల మందికి టైం మిగిలేటట్టు జేస్తవట గద. మా లైను సంగతి జర సూడరాదు? రోజు పంచాయితే అయితుంది" అన్నాడు. వచ్చి చూశాను. అప్పుడూ ఇదే గోడ, ఇదే ఎండ, ఇవే చెప్పులు. ఫోటో తీసుకున్నాను, నిజం చెప్పాలంటే నవ్వుకుంటూ తీసుకున్నాను, ఇంతమంది రైతులు పొద్దంతా ఇక్కడ కూర్చుంటే మొత్తం ఎన్ని గంటలు వృథా అని మనసులోనే గుణించాను. రెండు రోజుల్లో చేసిచ్చాను, డబ్బు వద్దన్నాను, పేరు 'వంతు' అని పెట్టాను. ఎవరి ఇంట్లో వాళ్లుండొచ్చు, ఎవరి పనిలో వాళ్లుండొచ్చు. మామూలు బటన్ ఫోనుకైనా సందేశం వస్తుంది, మీ వంతు దగ్గరపడింది, పది నిమిషాల్లో ఒకటి నొక్కి పంపండి అని. పంపితే రండి. పంపకపోతే మీరు రారని అర్థం, వంతు చివరికి పోతుంది, పోయిందని ఇంకో సందేశం వస్తుంది, వెనకవాళ్లు ముందుకొస్తారు. ప్రతి సందేశం కింద 'ఇట్లు, వినోద' అని పెట్టాను. 'ఒకటే' లోనూ అలాగే పెడతాను, యంత్రం కాదు, వెనక ఒక మనిషి ఉందని తెలిస్తే జనానికి నమ్మకం కుదురుతుంది. పది నిమిషాలు అని ఊరికే పెట్టాను. ఫోను చేతిలో ఉన్న మనిషికి పది నిమిషాలు చాలా ఎక్కువ. ఫోను చేతిలో లేని మనిషి నాకు తోచలేదు.

ఇరవై ఎనిమిది. హనుమండ్లు చెప్పులను వంగి చేత్తో జరిపాను, తరవాత చిన్నవ్వవి. వెనక నుంచి అంతయ్య తాత "కాలుతోని నూకితే ఏమైతది బిడ్డా, నడుం ఇరుగుతది" అన్నాడు. ఆయనది మా వెనక జత. నూటయాభై ఒకటోది, దొరకవని ఆయనకూ తెలుసు, ఎవరి వేలిముద్రన్నా పడకపోతుందా అని కూర్చున్నాడు. పరాయివాళ్ల చెప్పులను కాలితో ఎలా నూకాలో నాకు తెలియలేదు, అందుకే చేత్తో. పొద్దున చిన్నవ్వ పోతూ పోతూ చెప్పింది, "గా ముందటియి హనుమండ్లువి. ఆయినె మోటరు కాలింది, వైండింగుకు పెద్దపల్లికి వోయిండు. వస్తడు. లైను జరిగినప్పుడల్లా ఆయినెవి గూడ జరుపుకుంట రా, మర్సిపోకు. నేను మడికాడికి వోయస్త, గట్టు తెగింది. పది మంది ఉన్నరనంగ ఫోన్ జెయ్యి." ఇక్కడి పద్ధతి అది. మనిషి లేని చెప్పులను వెనకవాళ్లు జరపాలి. అవి షట్టరు దాకా చేరాక లోపలివాళ్లు అడుగుతారు, మనిషి ఉన్నడా అని. ఉన్నడు, వస్తుండు అని వెనకవాళ్లు చెబితే రెండు బస్తాలు పక్కన పెడతారు, వచ్చి వేలిముద్ర వేసి తీసుకుపోతాడు. వెనకవాళ్లు ఏమీ అనకపోతే ఆ చెప్పులు గోడ పక్కకు పోతాయి. వెనకవాళ్ల మాటే సాక్ష్యం, వేరే ఎవరి మాటా చెల్లదు. నెల కింద ఈ పద్ధతి విన్నప్పుడు ఇంతకన్నా బలహీనమైన ఏర్పాటు ఉండదనుకున్నాను, ఎవరికి నష్టమో వాళ్లనే సాక్షిగా పెట్టుకుంటారా ఎవరైనా అని.

'వంతు' మొదటిసారి నడిచిన గురువారం, పక్షం రోజుల కింద, లారీ వచ్చినప్పుడు నేను కరీంనగర్లో ఉన్నాను. తెర మీద వరసలు ఒక్కొక్కటే పచ్చబడుతుంటే చూస్తూ అన్నం కూడా తినలేదు. ఎక్కడా ఆగలేదు, తప్పు రాలేదు, రెండున్నర గంటల్లో మొత్తం బస్తాలు అయిపోయాయి. లైనే లేదు ఆ రోజు, ఒక్క చెప్పు లేదు. లింగమూర్తి సార్ ఫోన్ చేసి "కమాల్ జేసినవ్ బిడ్డా" అన్నాడు. రాత్రి ప్రణయ్‌కు చూపించాను, గొప్పగా. అతను తెర కిందికి జరిపి అడిగాడు, "గీ బూడిద రంగువి ఏంది?" స్పందన లేదు, అన్నాను. నలభై ఒకటి. "అంటే రాలేదా?" రాలేదు. "ఎందుకు రాలేదు?" అది నాకేం తెలుసు అన్నాను, అని పేర్లు చదివాను, డెబ్బై ఆరో వరస దగ్గర ఆగిపోయాను. చింతల కొమురవ్వ. సందేశం పంపిన సమయం పది నలభై. స్పందన లేదు.

మూడు రోజులు ఆ వరసనే చూశాను. తరవాత ఒక్కొక్క పేరే గుర్తుపట్టుకుంటూ పోయాను, మా ఊరే కదా. పదింటికి హోటలు దగ్గర కూర్చునేవాళ్లలో ఒక్క పేరూ బూడిద రంగులో లేదు. నలభై ఒక్కమందీ ఆ పూట మడిలో ఉన్నవాళ్లే. నాటులో చచ్చినచోట మళ్లీ నారు పెడుతున్నవాళ్లు, కలుపు తీస్తున్నవాళ్లు, గట్లు చెక్కుతున్నవాళ్లు. వాన తుంపర పడుతోంది ఆ రోజు, ఫోన్లు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి గట్టు మీద టిఫిను డబ్బాలో పెట్టి ఉంటారు. హనుమండ్లు కూడా అందులో ఉన్నాడు. పనులు తొందరగా కావడానికి పనిముట్లు తయారుచేసే మనిషిని నేను, పని చేసుకుంటున్నందుకే వాళ్ల వంతు తీసేశాను. ఇంత తేటగా ఉన్న మాటను అర్థం చేసుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. పోనీ ఎవరైనా ఫోన్ చేసి తిట్టారా అంటే లేదు. తరవాతి లారీకి వంతులో ఒక్కరూ పేరు రాయించుకోలేదు. ఎందుకు రాయించుకోలేదని లింగమూర్తి సార్‌ను అడిగితే "ఏమో బిడ్డా, మళ్ల చెప్పులు పెట్టిండ్రు" అన్నాడు, అంతే. మీ యాప్ చెత్త అని పోర్చుగల్ నుంచి ఒకతను పేజీడు రాస్తాడు, ఒక్క నక్షత్రం ఇస్తాడు. మా ఊరివాళ్లు చెప్పులు తెచ్చి పెట్టుకున్నారు.

ఇరవై రెండు. ఎండ గోడ మీదికి ఎక్కింది, నీడ సన్నబడింది, మనుషులు లేచి చెప్పుల పక్కకు వస్తున్నారు. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఇదే బోరింగు దగ్గర రేషను దుకాణం ఉండేది, కిరోసిను కోసం డబ్బాలు లైనులో పెట్టేవాళ్లు. చిన్నవ్వ నన్ను మా డబ్బా దగ్గర కూర్చోబెట్టి పోయింది. ఆమె భర్త గోపాల్ చిన్నబాపు అప్పుడే కొత్తగా మస్కట్ పోయిన రోజులు, ఆయన ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, రెండేళ్లకోసారి సెలవుకు వచ్చిపోతాడు, ఈ మడి, ఈ లైన్లు, అన్నీ అప్పటి నుంచీ ఆమెవే. నేను కూర్చుని కూర్చుని విసుగొచ్చి, ముందున్న డబ్బా మనిషి ఎంతకూ రాకపోయేసరికి, మా డబ్బాను తీసి దాని ముందు పెట్టాను. ఎవరూ చూడలేదు. ఎంత తెలివైన పిల్లనో అని చిన్నవ్వ మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె వచ్చి చూసి, ముందు డబ్బాను వెనక్కి పెట్టింది, తరవాత నా చెంప మీద కొట్టింది. ఆమె నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. "ఆమె లేదని ఆమె డబ్బా గూడ లేనట్టేనా?" అంది. ఇంటికి పోయాక నాకు బెల్లం పెట్టింది, నేను తినలేదు. అన్నీ మరిచిపోయాను నేను, ఆ చెంపదెబ్బ కూడా మరిచిపోయాను, మొన్న బూడిద రంగు వరసలు చూస్తున్నప్పుడు చెంప మీద వేడిగా అనిపించి గుర్తొచ్చింది.

పొద్దున బస్సు దిగి నేరుగా మడికే పోయాను. రెండెకరాలు. పక్క మడి నల్లగా కనిపించేంత పచ్చగా ఉంది, చిన్నవ్వది మాత్రం ఆకు కొసలు ఎర్రబడి, నడుమ పసుపు పచ్చగా, జ్వరమొచ్చిన పిల్లల మొహంలా ఉంది. పిలక వేసేటప్పుడు వెయ్యాల్సిన యూరియా మందు పడలేదు, ఆ వెయ్యాల్సిన రోజే ఆ గురువారం. ఇప్పుడు చిరుపొట్ట మీద ఉంది, లోపల కంకి మొదలవుతోంది. ఈ రెండు మూడు రోజుల్లో చల్లితే సగమన్నా తేరుకుంటుంది, దాటితే చల్లినా చల్లకున్నా ఒకటే. ఇవన్నీ ఆమె ఏడుస్తూ చెప్పలేదు, కూర సంగతి చెప్పినట్టు చెప్పింది. నేను గట్టు మీద నిలబడి చెప్పేద్దామనుకున్నాను, చిన్నవ్వా, నీ వంతు తీసింది నేనే అని. నోరు రాలేదు. "నువ్వెందుకొచ్చినవే పని ఇడిసిపెట్టి" అంది. నీ చెప్పుల దగ్గర నేనుంటాను అన్నాను. ఆమె నా మొహం కొంచెంసేపు చూసి, సరే అంది, నన్ను లైను దగ్గరికి తీసుకొచ్చింది.

పద్నాలుగు. పన్నెండు. ఒక ముసలమ్మ వేలిని మిషను అయిదుసార్లు కాదంది, ఆరోసారి ఒప్పుకుంది, అంతయ్య తాత నిట్టూర్చాడు. పది కాగానే చిన్నవ్వకు ఫోన్ చేశాను. రెండోసారికి ఎత్తింది, రొప్పుతూ "వస్తున్న, మడిలకెల్లి ఎక్కుతున్న" అంది. హనుమండ్లుకు చేశాను, నంబరు నా దగ్గర ఉంది కదా, నలభై ఒక్కమందివీ ఉన్నాయి. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. తొమ్మిది. ఎనిమిది. ఇంకాసేపట్లో చిన్నవ్వ వస్తుంది, వేలు పెడుతుంది, రెండు బస్తాలు ఆటోలో వేసుకుని ఇద్దరం మడికి పోతాం, చల్లేటప్పుడు నేను గంప అందిస్తాను, అప్పుడు చెబుతాను, మందు పడ్డాక చెప్పడం తేలిక. ఇదంతా వరసగా మనసులో రాసుకున్నాను, ఒకదాని తరవాత ఒకటి, 'ఒకటే' లో రాసుకున్నట్టు.

అయిదో జత లోపలికి పోయినప్పుడు లింగమూర్తి సార్ బల్ల దగ్గర నుంచి లేచాడు. గోదాములోకి పోయి, మిగిలిన బస్తాలను చేత్తో తడుముతూ లెక్కపెట్టి, బయటికి వచ్చి చెమట తుడుచుకుని అందరికీ వినబడేట్టు చెప్పాడు. "బిల్లుల మూడు వందలున్నయి. దిగినయి రెండు వందల తొంభై ఎనిమిదే. పొద్దుగాల నేను సరిగ సూస్కోలే, తప్పు నాదే. నూట నలభై తొమ్మిది మందికే వస్తయి."

నూట నలభై తొమ్మిది. హనుమండ్లు.

ఎవరూ నా వైపు చూడలేదు. చూడకపోవడమే చూసినట్టు ఉంది. నాలుగు జతలు, మూడు జతలు. లెక్క నాకు క్షణంలో అయిపోయింది, లెక్కలే కదా నా పని. హనుమండ్లు లేడు, ఫోన్ ఎత్తలేదు, రెండుసార్లు చేశాను, స్పందన లేదు. కొమురవ్వ వస్తోంది, ఫోన్ ఎత్తింది, మడి నుంచి బయల్దేరింది. ఏ తెలివైనవాణ్ని అడిగినా ఏం చెబుతాడో అదే నా యాప్ చెబుతుంది, లేనివాణ్ని పక్కన పెట్టి ఉన్నవాళ్లకు ఇవ్వండి. నేనేమీ అబద్ధం ఆడనక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు. సార్ అడుగుతాడు, నేను నేల చూస్తాను, చెప్పులు గోడ పక్కకు పోతాయి, చిన్నవ్వ వేలు పెడుతుంది. మడి పచ్చబడుతుంది. నేను ఆమెకు చేసిన అన్యాయం ఇవాళ్టితో తీరిపోతుంది, తీర్చే అవకాశం ఇట్లా చేతికొచ్చింది, మళ్లీ రాదు. హనుమండ్లు మడి ఎట్లా ఉందో నేను చూడలేదు, అటు వెళ్లలేదు, చూడనిది ఉన్నట్టా లేనట్టా. అతనికి మూడెకరాలు ఉండొచ్చు, లేదా ఎకరమే ఉండొచ్చు. అతని మోటరు కాలింది. అతని పేరు ముప్పై మూడో వరసలో ఉంది, బూడిద రంగులో. ఆ రోజు అతను ఏ గట్టు మీద ఫోన్ పెట్టాడో. ఒకరికి చేసిన తప్పును దిద్దుకోవడానికి ఇంకొకరికి అదే తప్పు అదే చేత్తో రెండోసారి చెయ్యాలా, చేస్తే ఏం, ఎవరికి తెలుస్తుంది, అంతయ్య తాతకు తెలుసు, ఆయనే చిన్నవ్వ చెప్పులకు సాక్షి, ఆయన ఏమీ అనడు. దేవుడా, ఈ ఒక్క నిమిషం ఎవరైనా ఎత్తుకుపోతే బాగుండు. హనుమండ్లు వస్తే బాగుండు, ఇప్పుడే వస్తే, నేను ఏమీ చెప్పే పని లేకుండా పోతే. రోడ్డు వైపు చూశాను. ఒక బర్రె, ఒక స్కూలు ఆటో. కెనాలు గట్టు వైపు చూశాను, అక్కడ దూరంగా ఒక చీర కదులుతోంది, ఎవరిదో తెలియడం లేదు.

ఒక జత. అది కూడా పోయింది. వంగి హనుమండ్లు చెప్పులను షట్టరు గీత దాకా జరిపాను, తీగ నా వేలికి గీరుకుంది.

లింగమూర్తి సార్ కళ్లజోడు పైకి తోసుకుని చెప్పుల వైపు చూశాడు, తరవాత నా వైపు. నేను ఎవరి తరఫున నిలబడ్డానో ఆయనకు తెలుసు.  తరవాత ఇంకెవరినో అడిగినట్టు అడిగాడు. "గీ చెప్పులెవ్వలియి? మనిషి ఉన్నడా?"

తీగ గీరుకున్న వేలిని పిడికిట్లో పట్టుకున్నాను. 

"హనుమండ్లువి" అన్నాను. "ఉన్నడు. వస్తుండు."

సార్ తల ఊపి, ఉన్న రెండు బస్తాలనూ చేత్తో చూపించి పక్కన పెట్టించాడు. వెనక అంతయ్య తాత బీడీ తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. నాకు గొప్పగా ఏమీ అనిపించలేదు. చిన్నవ్వ మొహం ఎట్లా చూడాలా అనుకున్నాను.

హనుమండ్లు పావుగంటకు వచ్చాడు, ఆటోలో, ఒడిలో వైండింగు చేయించిన మోటరు పెట్టుకుని. గడ్డం పెరిగి, బనీను నిండా గ్రీజుతో ఉన్నాడు. గబగబా వేలు పెట్టాడు, మొదటిసారే పడింది. బస్తాలు ఆటోలో వేసుకుని, చెప్పులు తొడుక్కుంటూ నన్ను చూశాడు. "కొమురక్క ఎనుక నువ్వున్నవా బిడ్డా. జరుపుకొచ్చినవా. మంచిగైంది" అన్నాడు. అతని వెనక ఇంకెన్ని బస్తాలు ఉన్నాయో అతనికి తెలియదు, నేను చెప్పలేదు. ఆటో పోయింది. లింగమూర్తి సార్ షట్టరు దించాడు, సగం దాకా దించి ఆగి, నా వైపు చూసి, మిగతా సగం దించాడు. నీడన కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి పోయారు.

చిన్నవ్వ బోరింగు దగ్గర ఆగింది. కాళ్లకు మోకాళ్ల దాకా బురద. ఆమె కాళ్లు కడుక్కోలేదు, కుడిచేతి బొటనవేలు ఒక్కటే కడుక్కుంది, రెండుసార్లు కడిగి, చీర కొంగుతో గట్టిగా రుద్ది, వెలుతురుకు పెట్టి చూసుకుని, మళ్లీ రుద్దింది. మిషను కాదనకుండా. అప్పుడు తలెత్తి షట్టరు చూసింది. ఆ వేలును అలాగే కొంచెం పైకి పట్టుకుని, వేరే దేనికీ తగలకుండా, మా దగ్గరికి నడిచి వచ్చింది.

"రెండు తక్కువొచ్చినయి కొమురవ్వా" అంతయ్య తాత చెప్పాడు. "హనుమండ్లు దాకనే. నీ బిడ్డ సాచ్చెం జెప్పింది."

ఆమె ముందు అడిగింది నా గురించి కాదు, బస్తాల గురించి కాదు. "వచ్చిండా మరి?"

"వచ్చిండు. తీస్కపోయిండు" అన్నాను.

"గట్లనా" అంది. కొంగు వదిలేసింది. కెనాలు అవతల తన మడి ఉన్న దిక్కు చూసింది, చాలాసేపు, అక్కడి నుంచి ఏమీ కనిపించదు. ఆమె తిడితే బాగుండు. కొడితే ఇంకా బాగుండు. నాకు ఏడుపొచ్చింది, ఏడుస్తూనే చెప్పాను, ఎట్లా చెప్పాలని అనుకున్నానో అట్లా కాకుండా. "చిన్నవ్వా, ఆ గురువారం నీ వంతు తీసేసింది నేనే. మిషను గాదు. ఒకటి నొక్కకుంటే తీసెయ్యాలె అని నేనే రాసిన. నువ్వు మడిల ఉన్నవని నాకు తోచలే."

"ఎరుకే" అంది.

నేను ఆమె వైపు చూశాను.

"మెసేజు వచ్చింది గద. నాకు సదువు రాదాయె, పక్కింటి కావ్యతోని సదివిచ్చిన. మీ వంతు ఎనుకకు వోయింది అని సదివింది. కింద వినోద పేరున్నదత్తా అన్నది." బోరింగు నీళ్లతో తడిసిన చేతిని ఇప్పుడు చీరకు తుడుచుకుంది. "నువ్వే చెప్తవని సూసిన."

పక్షం రోజులు. పక్షం రోజుల నుంచి ఆమెకు తెలుసు, పొద్దున గట్టు మీద నా మొహం చూసినప్పుడు తెలుసు, తెలిసే తన చెప్పులు నా చేతికి అప్పజెప్పి పోయింది.  ఆమె వంగి నీలం చెప్పులు తీసింది. తొడుక్కుంటుందనుకున్నాను. షట్టరుకు ఆనించి, సరిగ్గా మొదట్లో, పక్కపక్కనే పెట్టింది. తరవాతి లారీకి ఒకటో జత. అది రేపొస్తుందో వారానికొస్తుందో ఎవరికీ తెలియదు, వచ్చేసరికి ఆ మడికి దాని అవసరం ఉంటుందో లేదో కూడా తెలియదు. అంతయ్య తాత తనవి తెచ్చి వాటి వెనక పెట్టాడు.

"నీ చెప్పులియ్యి" అంది చిన్నవ్వ. "గట్టు సగంల ఇడిసిపెట్టి వచ్చిన. ఒడ్డు మీద పల్లేరు ముండ్లున్నయి."

విప్పి ఇచ్చాను. ఆమె బురద కాళ్లతోనే తొడుక్కుంది. అవి ఆమెకు చిన్నవి, మడమలు బయటికే ఉన్నాయి, అయినా విప్పలేదు. రెండడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే "బస్సుకు వోతవా, ఉంటవా?" అని అడిగింది.

"ఉంట."

ఆమె కెనాలు వైపు నడిచిపోయింది. షట్టరు ముందటి సిమెంటు గద్దె కాలుతోంది, నిలబడలేక ఒక కాలి మీద ఒక కాలు వేసుకున్నాను. పోయి ఇంట్లో కూర్చోవచ్చు, ఇక్కడ ఎవరూ ఉండనక్కర్లేదు, చెప్పులుంటాయి. అంతయ్య తాత కూడా అదే అన్నాడు, "పోరాదు బిడ్డా, కాళ్లు గాలుతయి, ఎనుక నావున్నయి గద." ఆయన మాట నిజమే. అయినా ఇంకాసేపు అక్కడే నిలబడ్డాను.